ఆరంగుళాల జాగ్రత్త

పార్సిల్ విప్పి ప్యాంటును రెండు చేతులతో ఎత్తి పట్టుకోగానే అమ్మ నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

నడుము పట్టీ వెనక తోలు ముక్క మీద ముప్పై నాలుగు అని అచ్చు గుద్ది ఉంది. నేను చెప్పింది ఇరవై ఎనిమిది. మధ్యలో ఆరంగుళాలు. అవి పొరపాటున వచ్చాయంటే ఊరుకునేదాన్ని. పొరపాటు కాదు. ఆ ఆరంగుళాలనూ కొందరు పెద్దమనుషులు కూర్చుని, ఆలోచించి, ఒకరి మాట ఒకరు విని మరీ కలిపారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు చల్లారదు.

అది సకల జనుల సమ్మె జరిగిన మరుసటి ఏడు. నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఆ మొదటి రోజు ఆఫీసులో నా కొలతకు సరిపోయే బట్ట వేసుకుని అడుగు పెట్టాలని నా పంతం. ఇదేం పంతం అని మీకు అనిపించవచ్చు. గోదావరిఖని క్వార్టర్లలో పెరిగిన ఆడపిల్లను అడగండి, చెబుతుంది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ నా ఒంటికి సరిపోయిన బట్ట ఒక్కటి తొడగలేదు. స్కూలు డ్రెస్సు కుట్టిస్తే వచ్చే ఏడుకు కూడా రావాలని కుట్టించారు. అది నాకు సరిపోయే రోజుకు మోచేతుల దగ్గర చిరిగిపోయేది. అప్పుడు ఇంకొకటి, మళ్లీ వదులుగా. కాలేజీకి వచ్చాక పెరగడం ఆగిపోయింది కానీ వదులు మాత్రం ఆగలేదు. టైలర్ లింగమూర్తి నా కొలత తీసుకోవడం కూడా మానేసి, "ఎరికే తియ్యి బిడ్డా" అని కుట్టేవాడు. నేను ఎరుకే అందరికీ. నన్ను తప్ప అందరినీ అడిగి నా బట్టలు కుట్టేవాళ్లు.

అందుకే ఈ జీన్స్ విషయంలో ఎవరినీ నమ్మలేదు. చౌరస్తా దగ్గర ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని సైజుల పట్టిక మొత్తం చదివాను. పేరున్న బ్రాండు, స్లిమ్ ఫిట్, సగం ధరకు పెట్టారు. స్లిమ్ ఫిట్ అంటే తొడల దగ్గర, పిక్కల దగ్గర ఒంటిని పట్టుకుని ఉంటుంది. నడుము ఒక్కటి చూసి కొంటే మోకాలు దాటదు. పైగా మనం లంగా బొందు కట్టుకునే చోట కాదు జీన్స్ నిలిచేది, బొడ్డుకు రెండు వేళ్లు కింద. అక్కడ టేపు పెట్టాలి. ఊపిరి బిగబట్టకూడదు. తరవాత తుంటి దగ్గర, అన్నిటికన్నా వెడల్పు ఉన్న చోట ఇంకోసారి. ఇవన్నీ తలుపు గడియ పెట్టుకుని అద్దం ముందు నిలబడి కొలుచుకున్నాను.

అక్కడితో ఆగలేదు. నా స్నేహితురాలు శాలిని దగ్గర అదే బ్రాండు ప్యాంటు ఉంది. దాని మీద ముప్పై అని ఉంది. మంచం మీద పరిచి టేపు పెడితే ముప్పై ఒకటి వచ్చింది. అంటే ఈ కంపెనీవాళ్లు లావుగా ఉన్నవాళ్లను సంతోషపెట్టడానికి ఒక అంగుళం తగ్గించి రాస్తారన్నమాట. కొన్నవాళ్లు కింద రాసిన మాటలు కూడా చదివాను. బట్ట సాగుతుంది, బిగుతుగా ఉన్నా భయపడకండి, ఎక్కువ సైజు మాత్రం తీసుకోకండి అని పది మంది రాశారు. డిగ్రీ పరీక్షలకు కూడా నేను అంత చదవలేదు. అంతా కూడి, తీసి, తేల్చుకున్నది ఇరవై ఎనిమిది.

ఇక కొనడం ఒక్కటే మిగిలింది. సరుకు తీసుకుని డబ్బులిచ్చే పద్ధతి మా పిన్‌కోడుకు లేదు, కార్డు కావాలి. మా ఇంట్లో కార్డు ఒక్కటే, మా బాపు జీతం పడే ఖాతాది, ఆయన దాన్ని ఎవరి చేతికీ ఇవ్వడు. మా ఇళ్లలో ఆడపిల్ల తన నడుము కొలత తండ్రితో చెప్పదు. అమ్మతో చెబుతుంది, అమ్మ వెళ్లి నాన్నకు చెబుతుంది. నేనూ అలాగే చెప్పాను.

"ఇర్వై ఎన్మిది. మర్చిపోకు. స్లిమ్ ఫిట్, నల్లది."

"మూడుసార్లు చెప్పినవే. నాకేమన్న చెవుడా?" అంది అమ్మ.

అమ్మ సరిగ్గానే చెప్పింది. బాపు సరిగ్గానే విన్నాడు. ఆయన పేరు సదయ్య, బాయిలో కార్మికుల పని చూసే సర్దార్. బొగ్గు గని అని మీరంటారు, మేము బాయి అంటాం. బాపుకు కంప్యూటరు చేతకాదు కాబట్టి ఆ నంబరు పట్టుకుని బాయి మీదికి పోయాడు. అక్కడ టైం ఆఫీసులో శాంతిరాజ్ అన్న దగ్గర ల్యాప్‌టాప్ ఉంది. ఇంతవరకూ తప్పేమీ లేదు.

మర్నాడు కూరగాయల బండి దగ్గర నాకు మొదటి దెబ్బ తగిలింది. ఐలవ్వ టమాటాలు జోకుతూ నన్ను తేరిపార చూసింది.

"ఇర్వై ఎన్మిదంటె మరీ సన్నగ గాదా బిడ్డా? పట్నంల తిండి సక్కగుండదు. జెర తిని పో."

నా చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. ఐలవ్వ అల్లుడు బాపు షిఫ్టులోనే పని చేస్తాడు. ఇంటికి వస్తుంటే నల్లా దగ్గర అనసూర్యక్క ఎదురైంది. ఆమె బిక్షం కాక భార్య. బిక్షం కాక, బాపు ఒకే ముఠా, బాయిలో కలిసి పని చేసే జట్టు. "మా ఆయన ముప్పై జెయ్యుమన్నడట గదనే, మీ బాపు ఏం జేసిండు?" అని అడిగింది. అడిగిన తీరు చూస్తే వంకాయ ధర అడిగినట్టే ఉంది. నల్లా దగ్గర ఉన్న మిగతావాళ్లు బిందెలు పక్కన పెట్టి జవాబు కోసం చూశారు.

నా నడుము ఎంతో కాలనీలో కూరగాయలు అమ్మే మనిషికి తెలుసు. నల్లా దగ్గరివాళ్లకు తెలుసు. నేను తలుపు గడియ పెట్టుకుని కొలుచుకున్నానే, ఆ కొలత!

బాపు డ్యూటీ నుంచి రాగానే అడిగాను. "నేను చెప్పిందే పెట్టినవా బాపూ?"

"పెట్టిన బిడ్డా. ఫికర్ జెయ్యకు, మంచిగ సోంచాయించే పెట్టిన."

ఆ మాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది. ఒక నంబరు పెట్టడానికి అంత ఆలోచించడం ఎందుకు?

గురువారం పొద్దున కొరియర్ ఆఫీసు నుంచి ఫోన్ వస్తే వెళ్లి పార్సిల్ తెచ్చుకున్నాను. ఆ తరువాతది మొదట్లోనే చెప్పాను. అమ్మ నవ్వుతూనే, "ఏస్కోని సూడే, ఏమో" అంది. వేసుకున్నాను. వదిలేస్తే జారి మడమల మీద పడింది. లోపల ఇంకొక మనిషికి చోటుంది.

ఆ వెబ్‌సైటు వాళ్లకు ఫోన్ చేశాను. చాలాసేపు పాట వినిపించి, చివరికి ఒకమ్మాయి వచ్చి, మీ పిన్‌కోడు నుంచి వెనక్కి తీసుకునే సౌకర్యం లేదు మేడం అంది. తీసుకొచ్చి ఇవ్వడానికి ఉన్న రోడ్డు తీసుకుపోవడానికి లేదా అని అరిచాను. మీరే పోస్టులో పంపితే పదిహేను పనిదినాల్లో చూస్తామంది. సోమవారం నా ఉద్యోగం. వాళ్ల పదిహేను పనిదినాలను ఏం చేసుకోను?

లింగమూర్తి దగ్గరకు పరిగెత్తాను. ఆయన ప్యాంటును తిరగేసి, నడుము దగ్గర రెండు వైపులా మడిచి చూపించాడు. ఆరంగుళాలు లోపలికి తీస్తే వెనక ఉన్న రెండు జేబులూ వచ్చి ఒకదానికొకటి తగులుతున్నాయి.

"రెండు జేబులు ఒక్కటైతయి బిడ్డా. తొడల కాడ గూడ ఇప్పాలె. గిది కుట్టుడు గాదు, కొత్తగ చేసుడే. ఉండనియ్యి, నీకు లూజే మంచిగుంటది."

నీకు లూజే మంచిగుంటది! ఆ మాట ఆయన నోటి నుంచి రాగానే నాలో ఏదో తెగింది. ఆ ప్యాంటును అక్కడే చుడీదారు పైజామా మీది నుంచే తొడుక్కున్నాను. నడుము దగ్గర మిగిలిన బట్టను పిడికిట్లో గట్టిగా పట్టుకున్నాను. "యాడికే?" అని లింగమూర్తి అంటుంటే వినకుండా బయటికి నడిచాను.

బాయి మా కాలనీకి దగ్గరే. మూడు గంటలకు ఫస్ట్ షిఫ్టు పైకొస్తుంది. దారిలో నన్ను చూసి ఆగనివాళ్లు లేరు. చూడనీ, చూడటానికే వేసుకున్నాను. కొలత తెలుసుకున్నవాళ్లు బట్ట కూడా చూడాలి కదా.

నేను చేరేసరికి గేటు బయట చాయ్ హోటల్ దగ్గర ముఠా అంతా ఉంది. ల్యాంపులు అప్పజెప్పి వచ్చారు, మొహాల మీద బొగ్గు ఇంకా కడుక్కోలేదు. బిక్షం కాక ఉన్నాడు. అందరిలోకీ పెద్దవాడైన ఆగయ్య మామ బీడీ ముట్టిస్తున్నాడు. శాంతిరాజ్ అన్న ఇస్త్రీ చొక్కాలో చాయ్ తాగుతున్నాడు. బాపు ఇంకా రాలేదు. సర్దార్లు రిపోర్టు రాసి గానీ రారు.

శాంతిరాజ్ అన్న నన్ను చూసి నవ్వాడు. "అచ్చిందా హర్షిణీ? జల్దినే అచ్చిందే! మంచిగున్నదా?"

నేను పిడికిలి వదిలాను. ప్యాంటు దబ్బున మోకాళ్లదాకా జారింది. లోపల చుడీదారు ఉంది కాబట్టి సరిపోయింది. ఎవరో నవ్వబోయి నా మొహం చూసి మానుకున్నారు. నేను మళ్లీ పైకి లాక్కున్నాను.

"నేను చెప్పింది ఇర్వై ఎన్మిది. గీ ముప్పై నాలుగు ఎవలు పెట్టుమన్నరన్నా?"

"ఒక్కలేంది? అందరం గల్సే పెట్టినం," అన్నాడు అన్న. ఆయన గొంతులో దాచుకోవడమేమీ లేదు, మంచి పని చేసిన సంతోషమే ఉంది.

బిక్షం కాక ముందుకొచ్చాడు. "మీ బాపు ఇర్వై ఎన్మిదే అన్నడు బిడ్డా. నేనే వద్దన్న. బట్ట ఒక్క ఉతుకుకు రెండంగుళాలు గుంజుకపోతది. మొన్న కంపెనీ ఇచ్చిన డ్రెస్సు బట్ట ఎట్లయింది? నా ప్యాంటు పిక్కల మీదికచ్చింది. గందుకే ముప్పై అన్న."

ఇది మా బొగ్గు బెల్టులో అందరూ చేసే పనే. గని కంపెనీ ఏటా ఇచ్చే యూనిఫాం బట్ట నీళ్లలో పెడితే ముడుచుకుపోతుంది. అందుకని ప్రతివాడూ రెండంగుళాలు ఎక్కువ పెట్టి కుట్టించుకుంటాడు. వీళ్లకు లోకంలో ఉన్న బట్టంతా కంపెనీ బట్టే.

"ఇది సాగే బట్ట కాకా. గుంజుకపోదు."

"గది మాకేం ఎర్క?"

ఎరుక లేదు కదా! ఎరుక లేనివాళ్లు ఊరుకోవచ్చు కదా!

"సరే, ముప్పై అయింది. ముప్పై రెండెట్లయింది?"

"ఒంగాలె, లేవాలె గద," అన్నాడు పక్కనున్న ఇంకొకాయన, ఐలవ్వ అల్లుడు. "కూసున్నప్పుడు సర్రున చినిగితె ఇజ్జత్ పోతది. మేం రోజు జూస్తలేమా?"

"నేను ఆఫీసుల కుర్చీల కూసుంట బావా. కప్పు కింద దిమ్మెలు పెట్ట, బొగ్గు ఎత్త."

ఆయన తల గోక్కున్నాడు. ఇంకా రెండంగుళాలు మిగిలాయి. చివరికి ఆగయ్య మామ బీడీ పొగ వదిలి, నిదానంగా అన్నాడు.

"ఆఖరివి నేను పెట్టిచ్చిన బిడ్డా. ఒంటికి అతుక్కుంటె మంచిగుండది. పట్నం పోరగాండ్ల సూపు మంచిది గాదు. నీ మంచికే."

మొదటి రెండంగుళాలు ఉతుకు కోసం. తరవాతి రెండు ఒంగడం కోసం. ఆ నాలుగూ నేను క్షమించేదాన్నేమో. ఇవి మాత్రం నా పరువు కోసమట. నా పరువు వీళ్లు కాపాడుతున్నారట.

"మామా, పట్నం పోరగాండ్లు నన్ను ఇంక సూడనే లేదు. సూసింది మీరు. చాయ్ తాక్కుంట, బీడీలు తాక్కుంట, షిఫ్టు షిఫ్టంత కూసోని నా నడుము ఎంతనో లెక్క జేసిన్రు. కూరగాయల ఐలవ్వ దాక పోయింది గా లెక్క."

"గట్లంటవేంది? నువ్వు మా బిడ్డ అసొంటిదానివి," అన్నాడు బిక్షం కాక.

"బిడ్డ అసొంటిదాన్నే గద. అయితె నీ సొంత బిడ్డది జెప్పు కాకా. రమక్క నడుము ఎంత? అందరు ఇంటున్నరు, జెప్పు. రెండు కలుపాలెనో నాలుగు కలుపాలెనో మేం జెప్తం."

బిక్షం కాక గ్లాసును ఠక్కున బల్ల మీద పెట్టాడు. చాయ్ ఒలికి చేతి మీద పడినా చూసుకోలేదు.

"నోరు మంచిగ రానియ్యి! మా ఇంటి ఆడోళ్ల ముచ్చట నడిబజార్ల తీస్తవా?"

"మరి నాది యాడ తీసిన్రు కాకా?"

చాయ్ హోటలాయన స్టవ్ తగ్గించాడు. నేను ఆగయ్య మామ వైపు తిరిగాను. ఆయన బీడీని కింద పడేసి, ఆరిపోయినా కూడా చెప్పుతో నలుపుతూనే ఉన్నాడు. ఆయన భార్య కొలత కూడా అడుగుదామనే తిరిగాను. అడగలేదు. ఆమె అక్కడ లేదు, నాకు చేసినదే ఆమెకూ చేయాలని అనిపించలేదు. ఆ మర్యాద ఇంత మందిలో ఒక్కరికైనా నా విషయంలో తోచలేదే అని ఇంకా మండిపోయాను.

అప్పుడు బాపు గేటు దాటి వచ్చాడు. నన్ను, నా పిడికిలిని, తల దించుకున్న తన ముఠాను ఒకదాని తరవాత ఒకటి చూశాడు.

"ఏంది బిడ్డా? గిక్కడికెందుకచ్చినవ్? అమ్మకేమన్న అయిందా?"

"అమ్మకేం కాలే. నీ ప్యాంటు సూడు."

చూశాడు. చాలాసేపు చూశాడు. "గింత పెద్దగున్నదా?" అన్నాడు మెల్లగా. "నాకేం తెలుసు బిడ్డా? జీన్సు ప్యాంటు నేనెన్నడన్న తొడిగిన్నా? తెల్వక అడిగిన. తెల్వనప్పుడు ఎవలనన్న అడుగాలె గద."

"నన్ను అడుగాలె."

"నీతోని గా ముచ్చట ఎట్ల మాట్లాడుత? సిగ్గు గాదా?"

"గింత మందితోని మాట్లాడితె కాలేదా బాపూ?"

బాపు బొగ్గు మొహంలో కళ్లు మాత్రం తెల్లగా కనిపిస్తున్నాయి, ఆ కళ్లలో నీళ్లున్నాయి. అవి చూసి నా కోపం తగ్గిందని రాస్తే అబద్ధమవుతుంది. ఇంకా పెరిగింది. చెడ్డవాళ్లయితే ఎంత బాగుండేది! రెండు తిట్టి, చేతులు దులుపుకుని పోయేదాన్ని. ప్రేమతో ఇంత పని చేసినవాళ్లను ఏమని తిట్టాలి? ఒకరి మీద కప్పు కూలితే ఇంకొకరు చేతులతో మట్టి తవ్వి తీసే మనుషులు వీళ్లు. కింద ఒకరి ప్రాణం అందరిదీ. ఆ అలవాటు పైకి కూడా తెచ్చుకుని నా నడుము కూడా అందరిదీ చేసేశారు. నేను కిందికి ఎన్నడూ దిగలేదు. వాళ్ల ముఠాలో నేను లేను. ఈ సంగతి వాళ్లకు ఎవరు చెప్పాలి?

బాపు గొంతు సవరించుకున్నాడు. "సరే, అయిందేదో అయింది. మల్ల తెప్పిద్దాం. గీసారి నీ నంబరే. శాంతిరాజూ, జెర నీ ల్యాప్‌టాప్ డబ్బా తియ్యి, మల్లొక్కపాలి ఇర్వై..."

"బాపూ!"

నేను అరిచిన అరుపుకు గేటు దగ్గరి వాచ్‌మన్ కూడా బయటికి వచ్చాడు. బాపు నోరు సగంలో ఆగిపోయింది.

"ఎవ్వలకు జెప్పకు. కార్డు నాకియ్యి. నేనే పట్నంల తెప్పిచ్చుకుంట."

సోమవారానికి అది రాదు. ఆ రోజు నేను లింగమూర్తి కుట్టిన వదులు చుడీదారులోనే ఆఫీసుకు పోవాలి. అది అక్కడే నిలబడి అర్థం చేసుకున్నాను, పళ్లు కొరుక్కున్నాను. కానీ ఆ తరవాతి బట్ట నాది కావాలి.

బాపు కాసేపు తటపటాయించి, బండి దగ్గరకు పోయి డిక్కీలోంచి పర్సు తీశాడు. పర్సులోంచి కార్డు తీసి లాగుకు తుడిచి నా చేతిలో పెట్టాడు.

"దీని పిన్ నంబరు గూడ కావాలె," అన్నాను. "అది కొట్టకుంటె పైసలు పోవు."

బాపు నా మోచేయి పట్టుకుని బండ్ల స్టాండు చివరకు తీసుకుపోయాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. బిక్షం కాక, ఆగయ్య మామ అంత దూరంలో ఉన్నా సరే, వాళ్లకు వీపు పెట్టి నిలబడ్డాడు. వంగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నా చెవిలో నాలుగు అంకెలు ఊదాడు. బొగ్గు వాసన, బీడీ వాసన. నాకు సరిగ్గా వినబడక మళ్లీ చెప్పమంటే, ఇంకోసారి చుట్టూ చూసుకుని గానీ చెప్పలేదు.

"శాంతిరాజన్నకు తెలుసా గిది?" అని అడిగాను.

"ఛ! గది ఎవలకన్న చెప్తరా బిడ్డా?" అన్నాడు బాపు. "మొన్న కొట్టేటప్పుడు అందరిని అటు మల్లుమన్న. ఒక్కడు గూడ సూడకుంట నేనే కొట్టిన."

గర్వంగానే అన్నాడు. అని, నా మొహం చూశాడు. నేను జారుతున్న ప్యాంటును మళ్లీ పైకి లాక్కున్నాను. కొంచెంసేపటికి ఆయన తల దానంతటదే కిందికి దిగింది.